ఎగిరెడు మోటారుబండి

మనుష్యుడు నేలపై వేగముగా పోవుటకు మోటారుబండిని, ఆకాశమున పోవుటకు విమానమును నిర్మించుకొనెను. ఈ రెండింటి పనియు ఒక్క యంత్రమే చేయగలిగినచో నెంత బాగుండునను కోరిక, విమానము పుట్టిన కొలది యేండ్లకే పుట్టినది. ఉప్పల్ కూడలిలో సాయంకాలమున బండ్ల నడుమ చిక్కుకొని, ముందున్న లారీ యెప్పుడు కదలునాయని చూచుచుండు వారికి ఆ కోరిక యెట్టిదో మేము వేరుగ చెప్ప బనిలేదు. నాచారపు కార్ఖానాలు విడుచు వేళను, మహాశివరాత్రికి కీసరగుట్ట జాతర సాగు దినములందును, తలపైనున్న ఆకాశమంతయు ఖాళీగ నుండుట యెల్లరకును కనబడును. 2017వ సంవత్సరమున మెట్రో రైలు నాగోలునుండి ఉప్పల్ మీదుగ నడువసాగెను. 2018లో ఉప్పల్‌నుండి నారపల్లి వైపునకు ఎత్తుబాట పని మొదలై యేండ్ల తరబడి సాగినది. బండ్లు మాత్రము వీనికంటె వేగముగా పెరిగినవి.

ఇట్టి స్థితిలో, "ఎగిరే కారు వచ్చినది" అను వార్త పత్రికలలో కనబడినపుడెల్ల, ఇది నిజమాయని బాలురును, మన కెప్పుడు వచ్చునని పెద్దలును అడుగుచుందురు. ఎగురుట నిజమే, అది పెక్కేండ్లనాటి మాట. అయినను అది మన వాకిట నిలువలేదు. ఎగిరినదానికిని, వాడుకలోనికి వచ్చినదానికిని నడుమనున్న దూర మెంతయో, ఆ దూరమును దాటుటకు మన నగరమునందే జరుగుచున్న యత్నము లెట్టివో యీ వ్యాసమున వివరింప దలచితిమి.

మొదట పూర్వచరిత్రమును సంగ్రహముగ చెప్పెదము. 1917లో అమెరికాదేశమున గ్లెన్ కర్టిస్ అను విమాననిర్మాత మోటారుబండి దేహమునకు మూడు జతల రెక్కలను తగిలించి న్యూయార్కు ప్రదర్శనమున నిలిపెను. అది చిన్న చిన్న గంతులు వేసినదేగాని నిజముగ ఎగురలేదు. 1937లో వాల్డో వాటర్మన్ అను నాతడు రెక్కలు విప్పి దారిని పోదగిన తోకలేని విమానమును చేసెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట రాబర్టు ఫుల్టన్ చేసిన యంత్రము 1946లో ఎగిరెను. మోల్టన్ టేలర్ చేసిన "ఏరోకార్" 1949లో ఎగిరి, 1956లో ప్రభుత్వముయొక్క యోగ్యతాపత్రమును గూడ పొందెను. దాని రెక్కలను, తోకను మడిచి బండి వెనుక బండివలె కట్టుకొని దారిని లాగుకొని పోవచ్చును. ఇంత యుండియు, ఏరోకార్లు మొత్తము అరడజను మాత్రమే తయారైనవి. మన కాలమున స్లొవేకియా దేశస్థుడైన స్టెఫాన్ క్లైన్ నిర్మించిన "ఎయిర్‌కార్" 2021 జూన్ 28వ తేదీన నీత్రా నగరమునుండి బ్రాటిస్లావా నగరమునకు 35 నిమిషములలో ఎగిరి చేరెను. దిగిన పిమ్మట 2 నిమిషముల 15 సెకండ్లలో రెక్కలు ముడుచుకొని, కారై, ఊరిలోనికి పోయెను. 2022 జనవరిలో ఆ దేశపు అధికారులు దానికి యోగ్యతాపత్ర మిచ్చిరి.

ఇంతమంది బుద్ధిమంతులు ఇన్ని యేండ్లు శ్రమించినను ఈ బండి యేల వ్యాపింపలేదు? దీనికి కారణము ధనము కాదు, తెలివి చాలకపోవుటయు కాదు. దారి యొకటి కోరును, ఆకాశము మరియొకటి కోరును. రెండు పడవలపై కాళ్లు పెట్టినవాని పాట్లు ఈ యంత్రమునకు పుట్టుకతోనే కలవు.

కొంచెము విమర్శించి చూతము. దారిపై పోవు బండికి బరువు కొంతవరకు మేలు చేయును. అది చక్రములను నేలకు అదిమి పట్టించును. గుద్దుకొన్నపుడు లోనివారిని కాపాడు ఇనుపచట్రమును బరువుచేతనే కలుగును. విమానమునకైతే ప్రతి కిలోయు శత్రువే. కారు నేలను విడువరాదు. కావున దాని రూపము గాలి పైకెత్తకుండునట్లు చేయబడును. విమానము నేలను విడువవలెను. కావున దాని రూపము గాలి పైకెత్తునట్లు చేయబడును. కారు ఇరుకు సందులో ఇమడవలెను. విమానమునకు పొడవైన రెక్కలు కావలెను. కారు చక్రములకు శక్తి చేరవలెను. విమానమున పంకాకు చేరవలెను. రెక్కలను ముడుచుటకు కీళ్లు, కీళ్లను కదల్చుటకు మోటార్లు, మోటార్లకు తీగెలు. ఇవి యన్నియు ఎగురునపుడు పనిలేని బరువులు. పై జెప్పిన ఎయిర్‌కార్ బరువు సుమారు 1,100 కిలోలు. అది మోయగలిగినది 200 కిలోలు మాత్రమే. అనగా ఇద్దరు మనుష్యులును, వారి చేతిసంచులును, కొంత పెట్రోలును. ఇట్లు రెండు పనులను చేయబోవు యంత్రము మంచి కారును గాక, మంచి విమానమును గాక మధ్యస్థముగ నిలిచిపోవును.

దీనికంటెను ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఎయిర్‌కార్ విమానాశ్రయమున లేచి విమానాశ్రయముననే దిగినది. రెక్కగల యంత్రము పైకి లేవవలెనన్న ముందుగ నేలపై పరుగెత్తవలెను. చెరువులోని పెద్ద బాతు నీటిపై కొంతదూరము పరుగిడి రెక్కలు కొట్టుకొనుచు లేచుటను చూచినవారికి ఇది సులభముగ బోధపడును. ఉప్పల్ కూడలిలో చిక్కుకొన్న కారు అక్కడనుండి ఎగురజాలదు. పరుగుబాట యున్నచోటికి పోయిన పిమ్మటనే ఎగురవలెను. కావున నగరవాసుల కోరిక తీరుటకు నున్నచోటనుండియే నిలువుగ లేచు యంత్రము కావలెను. నేటి నిర్మాతలలో పెక్కుమంది పట్టినది ఈ మార్గమే. వారు దారిపై పోవు పనిని ఆటోకును, మోటారుకును విడిచి, నిలువుగ లేచి, ముందుకు సాగి, నిలువుగ దిగు పనిని మాత్రము యంత్రమునకు అప్పగించిరి. రెండు పడవలలో నొకదానిని విడుచుట యన్నమాట. లోకము దీనిని గూడ వాడుకగా ఎగిరే కారనియే పిలుచుచున్నది.

నిలువుగ లేచుట యనిన వినుటకు తేలిక. చేయుటకు మిక్కిలి ఖర్చుతో గూడినది. మా విద్యార్థుల కొరకు ఒక చిన్న లెక్క వేసి చూపెదము. యంత్రముయొక్క మొత్తము బరువు 500 కిలోలనియు, దానిని పైకెత్తు పంకాలన్నియు తిరుగు వలయముల వైశాల్యము కలిపి 10 చదరపు మీటర్లనియు అనుకొందము. పంకా గాలిని క్రిందికి నెట్టును. నెట్టబడిన గాలి యంత్రమును పైకి నెట్టును. నష్ట మేమియు లేదనుకొన్నను, సముద్రమట్టమున చల్లని దినమున ఆ యంత్రము గాలిలో కదలక నిలుచుటకే సుమారు 70 కిలోవాట్ల శక్తి, అనగా ఇంచుమించు 95 అశ్వశక్తి కావలెను. మన ప్రాంతము సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడి యున్నది. మే నెలలో ఎండ 40 డిగ్రీలకు చేరినపుడు ఇచ్చటి గాలి ఆ చల్లని గాలికంటె ఇంచుమించు ఏడవ వంతు పలుచనగును. పలుచని గాలిని మరింత వేగముగా నెట్టవలెను గనుక అవసరమైన శక్తి సుమారు 75 కిలోవాట్లకు పెరుగును. పంకాలలోను, మోటార్లలోను కలుగు నష్టమును చేర్చిన 100 కిలోవాట్లకు పోవును.

ఇదే యంత్రమునకు రెక్కలుండి, గంటకు 144 కిలోమీటర్ల వేగముతో ముందుకు సాగుచుండెననుకొందము. మంచి రెక్క తాను మోయు బరువులో పదియవ వంతు బలముతో ముందుకు లాగిన చాలును. అప్పుడు కావలసిన శక్తి సుమారు 20 కిలోవాట్లు మాత్రమే. నష్టములను గలుపుకొన్నను 27కు మించదు. గ్రద్ద రెక్కలు చాచి ఆడింపకయే గంటలకొలది తిరుగుటకును, చిన్న తేనెపిట్ట పువ్వు ముందర నిలుచుటకు రెక్కలను కంటికి కనబడనంత వేగముగ కొట్టుకొనుటకును గల భేదమే యిది. కావున నిలువుగ లేచుట, దిగుట ఎంత త్వరగా ముగిసిన అంత మేలు. ప్రయాణములో అధికభాగము రెక్కపైననే సాగవలెను. పంకాలపై నిలిచిన యంత్రము రెక్కపైకి తన బరువును మార్చుకొను కొలది క్షణములే ఈ విద్యలోనెల్ల క్లిష్టమైన ఘట్టము. అప్పుడు రెక్కకు చాలినంత వేగ మింకను రాలేదు; పంకాలు విడువదగిన సమయమును కాలేదు.

ఇక ఆ శక్తి యెక్కడినుండి రావలెను? పెట్రోలు ఇంజనుకంటె విద్యుత్తు మోటారు మేలైనది. అది చిన్నది, అందు కదలు భాగములు తక్కువ, తలచినంతనే వేగము హెచ్చించి తగ్గింపవచ్చును. ఒక పెద్ద పంకాకు బదులు పెక్కు చిన్న పంకాలను అమర్చవచ్చును గనుక, ఒకటి చెడినను తక్కినవి మోయునట్లు కట్టవచ్చును. ఈ సదుపాయమే ఎగిరెడు బండికి రెండవ జన్మ మిచ్చినది. కాని మోటారునకు ఆహారము బ్యాటరీ. ఒక కిలో పెట్రోలులో సుమారు 12 కిలోవాట్-గంటల శక్తి కలదు. ఇంజను అందులో నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చినను 3 కిలోవాట్-గంటలు దక్కును. ఒక కిలో బ్యాటరీలో దాగునది సుమారు 0.2 కిలోవాట్-గంట మాత్రమే. మన లెక్కలోని యంత్రమున 100 కిలోల బ్యాటరీ యున్నచో, అది గాలిలో నిలుచుటకు 12 నిమిషములు, రెక్కపై సాగుటకు ఇంచుమించు ముక్కాలు గంట చాలును. ఆపద వచ్చినపుడు వేరొకచోట దిగుటకు కొంత మిగుల్చుకొనవలెను గనుక, నిజముగ వాడుకొనదగినది ఇంకను తక్కువ.

ఈ కొరత తీరుటకు కొందరు ఉదజని యను హైడ్రోజను వాయువును ఆశ్రయించుచున్నారు. ఒక కిలో ఉదజనిలో 33 కిలోవాట్-గంటల శక్తి కలదు. దానిని ప్రాణవాయువుతో కలిపి మండింపకయే విద్యుత్తుగ మార్చు ఘటములు కలవు. మిగులునది నీరు మాత్రమే. అయినను వాయువును మిక్కిలి ఒత్తిడితో దాచవలెను గనుక ఒక కిలో ఉదజనికి సుమారు పదునైదు ఇరువది కిలోల తొట్టి కావలెను. అట్లయినను బ్యాటరీకంటె కొన్ని రెట్లు దూరము పోవచ్చును.

మన నగరమున జరిగిన ప్రయత్నము ఈ మార్గమునకు చెందినదే. మారుతి అమర్‌దీప్ శ్రీవత్సవాయ, ఉత్తమ్ కుమార్ ధర్మపురి అను నిద్దరు 2022లో హైదరాబాదునందు "బ్లూజే ఏరోస్పేస్" అను సంస్థను స్థాపించిరి. 2024లో వారు నగరమునకు ఆగ్నేయదిశనున్న నాదర్‌గుల్ విమానక్షేత్రమున, 500 కిలోల తరగతికి చెందిన నిలువుగ లేచు నమూనాను బహిరంగముగ ప్రదర్శించిరి. దాని పేరు "రీచ్". దానియందు మనుష్యు డెక్కడు. 100 కిలోల సరకును, ఉదజని సాయమున 300 కిలోమీటర్ల వరకు చేర్చవలెనని వారి సంకల్పము. మనుష్యులను మోయుట తరువాతి మెట్టు.

ఇది విని కొందరు విద్యార్థులు నిరుత్సాహపడవచ్చును. ఎక్కుటకు వీలులేని దానిని ఎగిరెడు కారని యెట్లందుమని వారి ప్రశ్న. తొలి నమూనా యనగా నేమో తెలిసినచో ఈ ప్రశ్న తీరును. నమూనా యనునది అమ్మకమునకు పెట్టిన సరకు కాదు. ప్రకృతిని అడిగిన ప్రశ్న. మొదట కాగితముపై లెక్క. పిదప చిన్న బొమ్మ. ఆ బొమ్మను గాలిసొరంగమున నిలిపి బలముల కొలత. పిదప రెక్కపై ఇసుకమూటల నుంచి అది యెంత బరువునకు వంగునో, ఎంతకు విరుగునో చూచుట. పిదప పూర్తి యంత్రమును త్రాళ్లతో నేలకు కట్టి మోటార్లను తిప్పుట. పిదప మనుష్యుడు లేకయే కొలది అడుగులు లేచుట. పిదప పంకాలనుండి రెక్కకు మారుట. పిదప ఒక మోటారును కావలెనని ఆపి, తక్కినవి మోయునా యని పరీక్షించుట. ఒక్కొక్క మెట్టును వందలమారులు త్రొక్కిన పిమ్మటనే మనుష్యుని ప్రాణమును దానికి ఒప్పగింపవలెను. ఎయిర్‌కార్ యోగ్యతాపత్రమును పొందుటకు ముందు 70 గంటలు ఎగిరి, 200 మారులకు పైగా లేచి దిగవలసి వచ్చెను.

ఈ మెట్లను తొందరగా దాటిన ఫలమునకు చరిత్రలో నొక దుఃఖకరమైన ఉదాహరణము కలదు. అమెరికాదేశమున కాలిఫోర్నియా రాష్ట్రమున హెన్రీ స్మోలిన్‌స్కీ, హెరాల్డ్ బ్లేక్ అను వారలు అంగడిలో దొరకు ఫోర్డు పింటో కారునకు సెస్నా విమానపు రెక్కలను, తోకను, వెనుకటి ఇంజనును తగిలించి "మైజార్" అని పేరిడిరి. కారును రెక్కల క్రిందికి నడిపించి బిగించుకొనిన చాలునని వారి భావము. 1973 సెప్టెంబరు 11వ తేదీన ఎగురుచుండగ కుడిరెక్కకు ఊతమిచ్చు కమ్మి దేహమునుండి ఊడెను. ఇద్దరును మరణించిరి. విచారణలో అతుకులు సరిగ లేకపోవుటయు నొక కారణముగ తేలినది. భూమిపై బండి చెడినపుడు ప్రక్కకు త్రోసి నిలుపుదుము; ఆకాశమున ప్రక్క యనునది లేదు. కావున మనుష్యుడు లేకయే నమూనాను ఎగురవేయుట పిరికితనము కాదు. అది ఆ యిద్దరి మరణమువంటివి నేర్పిన జ్ఞానము.

పైనున్నవారి ప్రాణములే గాక క్రిందనున్నవారి ప్రాణములను గూడ తలపవలెను. నాచారము, మల్లాపురము, బోడుప్పల్ ప్రాంతముల మిద్దెలు ఒకదాని నొకటి తాకుచున్నవి. వానిపై నీళ్లతొట్లు, తీగెలు, సంక్రాంతికి పతంగులెగురవేయు పిల్లలు. పంకాల హోరు రాత్రివేళ రోగులకును, చదువుకొను వారికిని బాధ కలిగింపరాదు. దిగుటకు విశాలమైన చోటును, మంటలార్పు ఏర్పాటును కావలెను. అందువలననే ప్రభుత్వములు తొందరపడవు. మన దేశపు పౌరవిమానయాన శాఖవారు ఇట్టి నిలువుగ లేచు యంత్రములు తీర్చవలసిన నియమములను 2024లో ప్రకటించిరి. చైనాదేశమున చోదకుడు లేని యిద్దరు కూర్చుండు యంత్రమునకు 2023లో యోగ్యతాపత్రము లభించెను. జర్మనీదేశమున ఈ విద్యకు పేరొందిన లిలియమ్, వోలోకాప్టర్ అను రెండు సంస్థలు, ఆకాశమున ఎగిరిన నమూనాలు కలిగియుండియు, 2024లో దివాలాకోరు స్థితికి వచ్చెను. నమూనా ఎగిరినంత మాత్రమున వ్యాపారము నిలువదనుటకు ఇది నిదర్శనము.

అట్లయిన ఈ శ్రమయంతయు దేనికి? ధనికులు కూడలిని దాటి కార్యాలయమునకు పది నిమిషములు ముందుగ చేరుటకే యైనచో, ఇంత బుద్ధిబలమును వెచ్చించుట సమంజసము కాదని మా అభిప్రాయము. ఒక యంత్రమున ఇద్దరు పోవుదురు. ఒక మెట్రో రైలులో వందలమంది పోవుదురు. దారి రద్దీని ఎగిరెడు బండి తీర్చలేదు. రైళ్లును, బస్సులును, నడువదగిన బాటలును తీర్చవలెను. ఈ యంత్రమునకు తగిన పని వేరుగ నున్నది. 2021 సెప్టెంబరులో మన రాష్ట్రమున వికారాబాదునందు "ఆకాశమునుండి ఔషధములు" అను ప్రయత్నము ఆరంభమై, చిన్న చోదకరహిత యంత్రములు మందులను, టీకాలను మోసికొని పోయెను. చెన్నపట్టణపు ఐ.ఐ.టి.లో అంకురించిన "ఈ-ప్లేన్" అను సంస్థ రోగులను మోయు యంత్రములను సమకూర్చుటకు 2025లో ఒడంబడిక చేసికొనెను. పాముకరచిన వానికి విరుగుడు మందు, ప్రసవవేళ రక్తము పోయిన తల్లికి రక్తము, ఇవి యర్ధగంట ముందు చేరుట ఒక ప్రాణము. వానకాలమున వాగు పొంగి దారి తెగిన పల్లెకు ఆకాశమొక్కటే దారి. 100 కిలోలు మోయు నమూనాను కొంచెమని యెంచరాదనుటకు కారణ మిదియే.

ఇకముందును "మొదటి ఎగిరే కారు" అను వార్తలు పత్రికలలో పెక్కుమారులు వచ్చును. వానిని చదువునపుడు మా పాఠకులు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని కోరుచున్నాము. అది మనుష్యుని బరువుతో ఎగిరెనా, ఖాళీగ ఎగిరెనా? నిలువుగ లేచుటయే గాక రెక్కపైకి మారి ముందుకు సాగి తిరిగి నిలువుగ దిగెనా? ఎన్ని నిమిషములు ఎగిరెను, దిగిన పిమ్మట ఎంత శక్తి మిగిలెను? యోగ్యతాపత్రమును ఏ ప్రభుత్వ మిచ్చెను? ఈ నాలుగింటికిని సమాధానము దొరకినచో ఆ వార్త నిజమైన ముందడుగు. దొరకనిచో అది మంచి బొమ్మ.

ఉప్పల్, నాచారము, కీసర ప్రాంతముల బాలబాలికలకు నాదర్‌గుల్ దూరదేశము కాదు. అచ్చట లేచిన యంత్రమునకు వలసిన విద్య, అనగా గాలియొక్క స్వభావము, లోహపు అతుకు, విద్యుత్తు మోటారు, లెక్క, వీని ఆరంభపాఠములు మన పాఠశాలలలోనే కలవు. చెడిన యొక మోటారు బరువును తక్కినవి ఎట్లు పంచుకొనునో కనుగొనవలసినవారును, ఒక కిలో బ్యాటరీలో మరికొంత శక్తిని దాచుట నేర్వవలసినవారును ఇంకను కావలసియున్నారు.